దొరగారి ఎస్ఓపీ

ముందే చెప్పేస్తున్నాను, నాకూ చరిత్రకూ చిన్నప్పటి నుంచి పడదు. సోషల్ పరీక్షలో ఏ రాజు గురించి అడిగినా రోడ్లకి ఇరువైపులా చెట్లు నాటించాడనీ, బావులు తవ్వించాడనీ రాసి గట్టెక్కినదాన్ని. ఏ రాజూ వచ్చి కాదనలేదు. అలాంటిదాన్ని కెనడా వచ్చి, ఫ్రాన్సులో ఎనిమిది వందల ఏళ్ళ కిందట బతికిన ఒక దొర జీవితచరిత్ర రాస్తాననీ, దాని మీద నా వర్క్ పర్మిట్ ఆధారపడుతుందనీ కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు నేను లండన్‌లో చదివేదాన్ని. ఆంటారియో లండన్ లెండి. రెండేళ్ళ సప్లై చైన్ డిప్లొమా. మా కాలేజీలో ఒక రూల్ ఉంది. ఏ కోర్సు చదివేవాళ్ళయినా సరే, తమ చదువుతో సంబంధం లేని సబ్జెక్ట్ ఒకటి తీసుకుని తీరాలి. బుద్ధి వికసించడానికట. ఆ రెండు మూడేళ్ళూ మనవాళ్ళు విమానాలకి విమానాలు దిగుతున్న కాలం. క్యాంటీన్ లైన్లో నిలబడితే ముందు నిజామాబాదు, వెనక నెల్లూరు. దాంతో వికసించే సీట్లన్నీ, అంటే ఫొటోగ్రఫీ, పోషకాహారం, సంతోషంగా జీవించడం ఎలా వగైరా, మొదటి గంటలోనే అయిపోయాయి. సంతోషంగా జీవించడం ఒక్క సీటు తేడాలో నాకు తప్పిపోయింది. మిగిలింది మధ్యయుగపు వీరులూ మతయుద్ధాలూ. మంగళవారం పొద్దున ఒక్కటే క్లాసు, మిగతా రోజుల్లో నా కాఫీ షాపు షిఫ్టులకి అడ్డం రాదు. చరిత్ర చదవడానికి ఇంతకంటే గొప్ప కారణం ఎవరికైనా ఉంటే చెప్పమనండి.

నాతోపాటు నా రూమ్మేట్ కూడా చేరింది. మాది కాకినాడ, తనది కరీంనగర్ దగ్గర పల్లె. హైదరాబాదులో ఇద్దరం ఒకే కన్సల్టెన్సీ గుమ్మం తొక్కాం, ఒకే విమానంలో వచ్చాం, ఒకే బేస్‌మెంట్‌లో దిగాం. తను పార్సిళ్ళ వేర్‌హౌస్‌లో పనిచేసేది. నేనేదైనా గబగబా చెబితే "నీ గోదావరి స్పీడు తగ్గియ్యే" అనేది. తను కోపంలో ఏదైనా అంటే నాకు సగమే అర్థమయ్యేది. అందుకే మా స్నేహం నిలబడింది.

మాది ఆఖరి సెమిస్టర్. ఈ ఒక్క సబ్జెక్ట్ పోతే డిప్లొమా చేతికి రాదు. డిప్లొమా రాకపోతే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడం కుదరదు. మా సీనియర్లు మాకు మొదటిరోజే నూరిపోసిన ఇంకో ముక్క ఉంది. ఇక్కడ ఫెయిలయినా బతకొచ్చు గానీ కాపీ కేసులో దొరికితే మాత్రం అది రికార్డులో పడుతుంది, మనల్ని వదలదు. అందుకని మేమిద్దరం ఒకరి అసైన్‌మెంట్ ఒకరు చూడకూడదని ముందే ఒట్టేసుకున్నాం. ఆ ఒట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, దాని వల్లే కొంప మునిగింది.

పాఠం చెప్పే మేడమ్‌కి అరవై దాటి ఉంటాయి. సైకిల్ మీద వచ్చేవారు, హెల్మెట్ తీయడం మర్చిపోయి సగం పాఠం చెప్పేసేవారు. తనను పేరు పెట్టి పిలవమన్నారు. పంతులమ్మని పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోతాయి, మేం పిలవలేదు. పరీక్ష లేదు, ఒక్కటే వ్యాసం, మార్కులన్నీ దానికే. టోపీలో చీటీలు వేసి తలా ఒక వీరుణ్ణి తీసుకోమన్నారు. అతని జీవితం, వృత్తి గురించి ఆరు పేజీలు రాయాలి.

నాకొచ్చిన వీరుడి పేరులో పది అక్షరాలుంటే నాలుగు పలకాలట. ఏ నాలుగో నాకు అంతుపట్టలేదు. అందుకని మేం ఆయన్ని దొరగారు అనే పిలుచుకున్నాం. నా రూమ్మేట్‌కి వచ్చినాయన చిన్నదొర. మేడమ్ ఇచ్చిన కాగితాల ప్రకారం దొరగారికి ఒక కోటా, నాలుగు పల్లెలూ, ఇద్దరు కొడుకులూ, ఒక తమ్ముడూ ఉండేవారు. యెరూషలేము కోసం యుద్ధం చేయడానికి ఓడెక్కి వెళ్ళారు, దారంతా వాంతులు. అక్కడ రెండో యుద్ధంలోనే శత్రువులకి పట్టుబడ్డారు. సిరియాలో మూడేళ్ళు చెరలో ఉండి, బయటపడి, ఇంటికి తిరిగొచ్చి, ముసలితనంలో పోయారు. చెట్లు నాటించినట్టు ఎక్కడా లేదు. కాగితాలతో పాటు ఆయన తన ఊరి మఠానికి భూములు రాసిచ్చిన దానపత్రాలు మూడు, ఇంగ్లీషులోకి మార్చినవి, జతచేశారు. ఆ దానపత్రాలు పొలాల సరిహద్దులతో నిండి ఉండటం చూసి నేను మూడింట్లో ఒక్కటీ పూర్తిగా చదవలేదు.

ఆ వారం బస్ స్టాపులో నిలబడి అమ్మతో మాట్లాడుతుంటే, ఏం చదువుతున్నావని అడిగింది.

"ఒక దొర గురించమ్మా. యెరూషలేము కోసం యుద్ధానికెళ్ళాడు. సిరియాలో పట్టుకుని జైల్లో పెట్టారు."

యెరూషలేము మాట వినేసరికి అమ్మ గొంతు మెత్తబడింది. "విశ్వాసేనా?" మా చర్చివాళ్ళ భాషలో, క్రైస్తవుడేనా అని.

"విశ్వాసే."

"పెళ్ళాం పిల్లలున్నారా పాపం?"

"ఇద్దరు కొడుకులు. బస్సొచ్చిందమ్మా, పెట్టేస్తున్నా."

తప్పంతా ఆ బస్సుది. తర్వాతి వారం అమ్మే ఫోన్ చేసింది. "మీ దొరగారి కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో భారంగా ప్రార్థించామే. స్త్రీల సమాజం అంతా కన్నీళ్ళు పెట్టుకున్నారు. కబురేమైనా తెలిసిందా అని పాస్టరమ్మగారు రోజూ అడుగుతున్నారు."

"అమ్మా, ఆయన పోయి ఎనిమిది వందల ఏళ్ళయింది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ. మీ పెద్దమ్మ రెండు పూటలా పస్తు ఉంది." మళ్ళీ తనే అడిగింది. "ఇంతకీ జైల్లోంచి బయటికొచ్చాడా?"

"వచ్చాడు, మూడేళ్ళకి."

"దేవునికి స్తోత్రం," అంది అమ్మ. పెద్దమ్మ ఉపవాసం వృథా పోలేదని తేల్చుకుని, వెంటనే అందరికీ మెసేజ్ పెట్టేసింది. ఆ మాటల మధ్యలో వెనకాల స్కూటీ హారన్ వినపడింది. ఆ కూత నాకు తెలుసు, నా సొంత బండిది. ఎవరు తీశారమ్మా అని అడిగితే, పక్కింటివాళ్ళదిలే అంది. ప్రార్థనాపరురాలు కదా, నమ్మాను.

ఇక వ్యాసం. ఇంగ్లీషులో ఆరు పేజీలు రాయడం నాకు కొత్త. జీవితంలో నా పేరు మీద ఉన్న పెద్ద ఇంగ్లీషు రచన ఒక్కటే, ఎస్ఓపీ. నేనెవరు, ఈ దేశానికే ఎందుకొస్తున్నాను, చదువయ్యాక ఏం చేస్తాను అని కాలేజీకీ వీసా ఆఫీసుకూ విన్నవించుకునే ఉత్తరం అది. దాన్ని కూడా నేను రాయలేదు. కన్సల్టెన్సీలో ఒక సార్ కంప్యూటర్‌లో నమూనా పెట్టుకుని, మా పేర్లూ మార్కులూ ఖాళీల్లో నింపి సంతకం పెట్టమనేవారు. అయినా దానికి వీసా వచ్చింది కదా. వీసా తెచ్చిన రచనకంటే మంచి రచన ఎక్కడుంటుంది. కాబట్టి పాత ఎస్ఓపీ తెరిచి, పేరా పేరాకీ దొరగారిని కూర్చోబెట్టాను.

మొదటి పేరా ఇలా మొదలైంది: చిన్ననాటి నుంచే దొరగారికి మతయుద్ధ రంగం పట్ల అమితమైన ఆసక్తి ఉండేది, ఈ విషయంలో తండ్రిగారి ప్రోత్సాహం మరువలేనిది. తర్వాత, స్వదేశంలో యుద్ధావకాశాలు లేకపోలేదు గానీ, ఆచరణలో నేర్చుకునే వీలునూ, భిన్న సంస్కృతుల వాతావరణాన్నీ దృష్టిలో పెట్టుకుని ఆయన యెరూషలేమును ఎంచుకున్నారు. చెరలో ఉన్న మూడేళ్ళ దగ్గర కాస్త ఆగాను. ఎస్ఓపీలో గ్యాప్ ఉంటే వివరణ ఇచ్చి తీరాలి. అందుకని, ఈ కాలంలో ఆయన స్థానిక భాష నేర్చుకుని, ఓర్పు, సమయపాలన వంటి నైపుణ్యాలను మెరుగుపరచుకున్నారని రాశాను. ఆఖరి పేరా అయితే నాకు నిద్రలో లేపినా వచ్చు. స్వదేశంలో కుటుంబమూ ఆస్తులూ ఉన్నందున, యుద్ధం ముగిసిన వెంటనే ఆయన తిరిగి వెళ్తారు, యెరూషలేములో స్థిరపడే ఉద్దేశం ఎంతమాత్రమూ లేదు.

చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఆయనకి వీసా ఇవ్వకుండా ఎవరుండగలరు అనిపించింది.

పది రోజులకి మేడమ్ దగ్గర్నుంచి మా ఇద్దరికీ ఒకే మెయిల్ వచ్చింది. మీ వ్యాసాలు రెండూ చాలా చోట్ల మాటకి మాట ఒకటిగా ఉన్నాయి, గురువారం నా ఆఫీసుకి రండి అని.

బస్సులో సగం దూరం కొట్లాడుకున్నాం. "నువ్వు నా ల్యాప్‌టాప్ తెరిచినవ్," అంది తను. "నీ ల్యాప్‌టాప్‌లో ఏముందని తెరుస్తాను, షిఫ్టుల షెడ్యూలా," అన్నాను నేను. ముందు సీట్లో పెద్దావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చివరికి ఎవరిది ఎవరు చూశారో తేల్చుకుందామని ఇద్దరం వ్యాసాలు బయటికి తీశాం. తన చిన్నదొర జ్వరం తగిలి ఒక దీవిలో ఏడాది మంచాన పడ్డాడట. ఆ ఏడాదిలో ఆయన కూడా ఓర్పు, సమయపాలన నేర్చుకున్నాడు.

"నువ్వు కూడా ఎస్ఓపీ చూసే రాశావా?" అన్నాను.

"మరి నాకు ఇంకేమొస్తదే?" అంది. కోపం పోయి దాని మొఖం చిన్నబోయింది. ఇద్దరం ఒకే ఎస్ఓపీ చూసి రాశామంటే ఎవరు నమ్ముతారు. ఒట్టేసుకోకుండా ఒకరిది ఒకరు చూసుకుని ఉంటే, ఒకటిగా ఉన్నాయని ముందే తెలిసేది.

ఆ భయంలో, చేతులకి ఏదో పని ఉండాలని, మేడమ్ ఇచ్చిన దానపత్రాలు తిప్పుతున్నాను. నా దొరగారి మొదటి పత్రం ఇలా మొదలవుతుంది: నా పాపాల భారాన్ని తలచుకుని, యెరూషలేముకు బయలుదేరుతూ, నా ఆత్మ కోసమూ నా తల్లిదండ్రుల ఆత్మల కోసమూ ఈ భూమిని ఇస్తున్నాను. పక్కన తను కూడా చిన్నదొర పత్రం తీసింది. నా పాపాల భారాన్ని తలచుకుని, యెరూషలేముకు బయలుదేరుతూ. అక్షరం తేడా లేదు. ఇద్దరివీ వేరే ఊళ్ళు, ఇద్దరికీ మధ్య ముప్ఫయ్యేళ్ళ తేడా.

"ఏందే, గీళ్ళు గూడ కాపీ కొట్టిన్రా?" అంది నా రూమ్మేట్.

మేడమ్ ఆఫీసులో కుర్చీలు రెండే, అందులో ఒకటి ఆవిడది. మేం నిలబడే ఉన్నాం. ఆవిడ రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి, గంభీరంగా పైకి చదవడం మొదలుపెట్టారు. సమయపాలన దగ్గరకి వచ్చేసరికి ఆవిడ పెదవి ఒక పక్కకి పోయింది గానీ నవ్వలేదు. "మీలో ఎవరు ఎవరి దగ్గర రాసుకున్నారో నాకు చెప్పండి. చెప్పకపోతే ఇద్దరి మీదా రిపోర్టు పంపించాలి," అన్నారు.

నా రూమ్మేట్ ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నాకొక గుణం ఉంది, కోపం వస్తే ఇంగ్లీషు బాగా వస్తుంది. ఎస్ఓపీ అంటే ఏమిటో, కన్సల్టెన్సీ అంటే ఏమిటో, ఖాళీలు నింపే సార్ ఎలా ఉంటారో, మాలాంటి పిల్లలు ఎంతమంది అదే ఆఖరి పేరా కింద సంతకం పెట్టి వచ్చారో, ఆపకుండా చెప్పుకుపోయాను. నా పాత ఎస్ఓపీ ఫోన్లో తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆ ఊపులోనే రెండు దానపత్రాలూ బల్ల మీద పరిచాను. "మాది కాపీ అయితే వీళ్ళది ఏమిటి మేడమ్? వీళ్ళ మీద కూడా రిపోర్టు పంపుతారా?"

అనేశాక నోరు నొక్కుకున్నాను. పెద్దావిడ, పైగా మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి.

మేడమ్ కళ్ళజోడు తీసి, ఎస్ఓపీ మొత్తం చదివారు. తర్వాత దానపత్రాలు చూశారు. "ఈ వీరుల్లో చాలామందికి రాయడం రాదు. మఠంలో సన్యాసి రాసిపెట్టేవాడు. అతని దగ్గర ఒక నమూనా ఉండేది. పేర్లూ పొలాలూ మారతాయి, పాపాలన్నీ ఒకటే," అన్నారు.

నా రూమ్మేట్ ముక్కు చీదుకుంటూ నాతో అంది, "అంటే మఠం వాళ్ళ కన్సల్టెన్సీ అన్నట్టు."

ఏమందని మేడమ్ అడిగితే చెప్పాను. ఆవిడ అప్పుడు నవ్వారు, కుర్చీలో వెనక్కి వాలి, సైకిల్ హెల్మెట్ కిందపడేదాకా నవ్వారు. మేం బతికిపోయామనుకున్నాం. కానీ ఆవిడ నవ్వు తుడుచుకుని, "మీరు ఒకరిది ఒకరు చూడలేదని నమ్ముతున్నాను. కానీ ఈ ఆరు పేజీల్లో మీ వీరుడు ఎక్కడా లేడు, అందుకని దీనికి సున్నా. వారం రోజులిస్తాను. ఆ పత్రాల్లో సన్యాసి నమూనాలోంచి రానిది, మీ వీరుడే నోరు తెరిచి చెప్పింది ఏదైనా ఉందేమో చూడండి. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయండి. అదీ ఇలాగే ఉంటే నేను చేయగలిగింది లేదు," అన్నారు.

ఆ వారమంతా కాఫీ షాపులో బ్రేక్ దొరికినప్పుడల్లా దొరగారి పొలాల సరిహద్దులు కొలిచాను. తూర్పున వాగు, పడమరన సన్యాసుల ద్రాక్షతోట. సాక్షుల పేర్లు. ఈ దానాన్ని అడ్డుకున్నవాడు నరకంలో పడుగాక అనే శాపం, అది చిన్నదొర పత్రంలోనూ ఉంది. మూడోరోజు, డోనట్ తింటూ, ఆ శాపం కింద ఎవరో గుర్తొచ్చి ఇరికించినట్టున్న ఒక వాక్యం చదివాను. నేను తిరిగి వచ్చేదాకా నా గోధుమరంగు గుర్రాన్ని నా తమ్ముడు ఎక్కకూడదు.

ముందు నవ్వొచ్చింది. పాపాల భారం, యెరూషలేము, అమ్మానాన్నల ఆత్మలు, నరకం, అన్నీ అయ్యాక గుర్రం. పక్కన కూర్చున్న సన్యాసి, ఇది కూడా రాయాలా దొరా అని అడిగి ఉంటాడు. రాయి, అని ఉంటాడు మా దొర.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో అందరూ ఏడుస్తుంటే, పాస్టరుగారు ఫోన్లో ప్రార్థన చేస్తుంటే, లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి నేను ఆఖరుగా అన్న మాట నాకు గుర్తొచ్చింది. "అమ్మా, నా స్కూటీ తాళాలు తమ్ముడికి ఇవ్వకు." ఎస్ఓపీలో ఎక్కడా లేని మాట, నేను సొంతంగా అన్నది ఆ ఒక్కటే.

వెంటనే మిగతా రెండు పత్రాలూ పైనుంచి కిందికి చదివాను. మూడోది చాలా చిన్నది, దొరగారు ఇంటికి తిరిగొచ్చిన ఏడాది రాయించింది. మఠానికి ఒక పిండిమర ఇచ్చారు. దాని చివర ఇలా ఉంది: నా గోధుమరంగు గుర్రం నన్ను గుర్తుపట్టలేదు కాబట్టి, దాన్ని నా తమ్ముడికి ఇచ్చేస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది. మేనేజర్ చూసి, ఎవరైనా కస్టమర్ ఏమైనా అన్నారా అని అడిగాడు. దొరగారు అన్నారని ఎలా చెప్పను.

ఆ రెండు వాక్యాల మధ్య ఏం జరిగి ఉంటుందో ఆరు పేజీలు రాశాను. ఇంగ్లీషు తప్పులతడక, అయినా ఒక్క లైనూ కన్సల్టెన్సీది కాదు. పాసయ్యాను. నా రూమ్మేట్ చిన్నదొర పత్రాలు నాలుగుసార్లు వెతికింది, ఆయన సొంతంగా ఒక్క మాటా అనలేదు. "వీడు సంతకానికే ఒచ్చిండు," అని తిట్టుకుని, ఒక మనిషి అంత దూరం పోతూ ఏమీ అనకుండా ఎందుకు పోతాడో రాసింది. బహుశా ఆ రోజు ఆయన డ్యూటీ దిగి నేరుగా మఠానికి వచ్చి, నిలబడే ఓపిక లేక, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి ఉంటాడని. దానికి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ విషయం మీద నాకిప్పటికీ కడుపుమంటే.

ఇప్పుడు నేను కెనడాలోనే, రిచ్‌మండ్ హిల్‌లో ఉంటున్నాను, వర్క్ పర్మిట్ దాటి, ఇక్కడే స్థిరపడిపోయే పీఆర్ దాకా వచ్చాను. తిరిగి వెళ్ళిపోతారనే ఆ ఆఖరి పేరా ముగ్గురి తరఫున రాసినట్టు లెక్క: నా కోసం కన్సల్టెన్సీ సార్ రాశారు, రూమ్మేట్ కోసమూ ఆయనే రాశారు, దొరగారి కోసం నేను రాశాను. ముగ్గురిలో ఆ మాట నిలబెట్టుకున్నది దొరగారొక్కరే.

మార్కులొచ్చిన రోజు పొద్దున అమ్మకి ఫోన్ చేసి గుర్రం సంగతంతా చెప్పాను. స్త్రీల సమాజానికి కథ చెప్పాలి కదా, శ్రద్ధగా వింది. గుర్రం గుర్తుపట్టలేదు అన్న చోట "అయ్యో, పాపం" అంది.

"అమ్మా, స్కూటీ తమ్ముణ్ణి నడుపుకోమను," అన్నాను.

"దేవుడి ముందు అబద్ధమాడకూడదు," అని మొదలుపెట్టింది అమ్మ. "నిన్ను ఎయిర్‌పోర్టులో దింపి ఇంటికొచ్చామే, ఆ రోజే తీశాడు. ఇప్పుడు దాని సెల్ఫ్ పోయింది. కిక్ ఎలా కొట్టాలో వాడొక్కడికే తెలుసు, ఇంకెవరు కొట్టినా స్టార్ట్ అవ్వదు."

"అంటే, నేను కొట్టినా స్టార్ట్ అవ్వదా?" అన్నాను.

"నువ్వొచ్చినప్పుడు వాడు నేర్పిస్తాడులే," అంది అమ్మ.